గోడలు మనవి, కప్పు ఎవరి చేతిలో ఉంది?



మొన్న జరిగిన జనరల్ బాడీలో వెనక వరసలోంచి ఒక తమ్ముడు లేచి నన్ను నిలదీశాడు. "అన్నా, బోనసు సంగతి చెప్పు, డి.ఏ. సంగతి చెప్పు. మిద్దె పోయడం, సెంట్రింగు కొట్టడం మనకెందుకు? నువ్వు యూనియన్ సెక్రెటరీవా, తాపీ మేస్త్రివా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండో షిఫ్టుకు టైము కావడంతో జవాబు చెప్పకుండానే మీటింగు ముగించాం. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఆ తమ్ముడు చదవాలి, ఆ రోజు నవ్విన వాళ్ళూ చదవాలి.

ధర్మపురి నుంచి ఏ దిక్కుకు పోయే బస్సు ఎక్కినా, ఊరు దాటగానే కిటికీలోంచి ఒకసారి చూడండి. గోడలు లేచి లింటెలు దాకా వచ్చి ఆగిపోయిన ఇళ్ళు కనిపిస్తాయి. పైన నీలం టార్పాలిన్ ఉంటుంది, లేకపోతే కొబ్బరి మట్టలు ఉంటాయి. గోడ మూలల్లో కమ్ములు తుప్పు పట్టి ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉంటాయి. అవి ఎవరి ఇళ్ళు? బట్టల షాపు ముదలాళివా? మిల్లు యజమానివా? మనవే. సైడరుది, డాఫరుది, కార్డింగులో ఊడ్చే అమ్మది. గోడల దాకా వచ్చిన మనిషి కప్పు దగ్గర ఎందుకు ఆగిపోయాడు? సోమరితనమా? తాగుబోతుతనమా? ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్ళు అలాగే అంటారు. నేను కాదంటున్నాను. ఎందుకు కాదో లెక్కతో చెబుతాను.

గోడ మన చేతుల పని. ఈ నెల ఐదు వందల ఇటుకలు తెస్తాం, వచ్చే నెల ఇంకో ఐదు వందలు. ఆదివారం బావమరిది వచ్చి రెండు వరసలు కడతాడు. ఆడవాళ్ళు నీళ్ళు మోస్తారు, పిల్లలు ఇటుకలు అందిస్తారు. డబ్బు లేకపోతే మూడు నెలలు ఆపుతాం. గోడకు ఏమీ కాదు, వానకు తడిసి ఎండకు ఆరుతుంది. మిద్దె అలా కాదు. ఈ వారం ఒక మూల, పై వారం ఇంకో మూల పోస్తే అతుకు దగ్గర చీలుతుంది, కురుస్తుంది. ఒకే రోజు, తెల్లవారి మొదలుపెట్టి పొద్దు గుంకే లోపు, మొత్తం పోయాలి. సిమెంటు, కమ్మి, జల్లి, ఇసుక, సెంట్రింగు అద్దె, కలిపే యంత్రం అద్దె, ఇరవై మంది కూలీ, ఇవన్నీ ఆ రోజుకు సిద్ధంగా ఉండాలి. అంటే అన్నిటి డబ్బూ ఒకేసారి చేతిలో ఉండాలి. దినాలు లెక్కపెట్టి జీతం తీసుకునే మనిషి చేతిలో అంత డబ్బు ఒకేసారి ఎప్పుడు ఉంటుంది? అసలు చిక్కు అక్కడుంది.

లెక్క చూడండి. 300 చదరపు అడుగుల చిన్న ఇల్లు. పది అడుగుల వెడల్పు గదులు. మిద్దె మందం నాలుగున్నర అంగుళాలు. 112 ఘనపుటడుగుల కాంక్రీటు కావాలి. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు జల్లి చొప్పున కలిపితే 25, 26 బస్తాల సిమెంటు పడుతుంది. కమ్మి 200 నుంచి 250 కిలోలు. ఇసుక 50 ఘనపుటడుగులు, జల్లి 100 ఘనపుటడుగులు తెప్పించుకోవాలి. ధరలు నేను రాయను, ఊరికో ధర, వారానికో ధర. మీ ఊరి అంగట్లో అడిగి, కూలీ, సెంట్రింగు అద్దె కలిపి మొత్తం వేసుకోండి. ఆ మొత్తాన్ని, తిండికీ బస్సుకీ బడి ఫీజుకీ పోను మీ జీతంలో నెలకు మిగిలే దానితో భాగించండి. వచ్చే అంకె నెలలది కాదు, సంవత్సరాలది. మన జీతం ఎంత తక్కువో చెప్పడానికి ఇంతకంటే పెద్ద చార్టు అక్కర్లేదు.

అందుకే అంటున్నాను, తమ్ముడూ. కప్పు కూడా కూలి సంగతే. బోనసు మాట్లాడేవాడు మిద్దె మాట్లాడకూడదంటే, ఆ బోనసు దేనికోసం అడుగుతున్నట్టు?

ఇక "రేకులు వేసుకోండి, చాలదా?" అనే పెద్దమనుషుల సంగతి. ఒకసారి చర్చలకు పోయినప్పుడు ఒక అధికారి మాతో ఇదే మాట అన్నాడు. ఆయన పేరుతో మనకు పని లేదు. అలాంటివాళ్ళు అన్ని చోట్లా ఉన్నారు. ఆయన చెప్పేదాకా ఆగలేదు, నేనూ రేకులే వేసుకున్నాను. పెళ్ళైన కొత్తలో నేనూ నా భార్యా షిఫ్టు దిగి వచ్చి గోడలు కట్టుకున్నాం. "ఒక్క సంవత్సరానికే" అనుకుని పైన సిమెంటు రేకులు పరిచాం. ఆ ఒక్క సంవత్సరం పదకొండేళ్ళు సాగింది. ఆ రేకులకు బోల్టు రంధ్రాలు నేనే వేశాను. తెల్లని పొడి ముఖం మీద పడుతుంటే తువాలుతో తుడుచుకుని మళ్ళీ వేశాను. అది ఏ పొడో అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

అది ఆస్బెస్టాస్. దాని అన్ని రకాలూ మనుషులకు క్యాన్సరు తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం తేల్చి చెప్పింది. అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మన దేశంలో దాని గనులు ఆగిపోయినా, రష్యా లాంటి దేశాల నుంచి ముడిసరుకు తెచ్చి రేకులు చేసి అమ్ముతూనే ఉన్నారు. ఆస్బెస్టాస్ పరిశ్రమలో పనిచేసే కార్మికుల విషయంలో 1995 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, కార్మికుడి ఆరోగ్యం ప్రాథమిక హక్కు అంది. ఆ రేకు కింద బతికే కార్మికుడి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. రేకు కదలకుండా ఉన్నంతకాలం పొడి తక్కువే, నిజమే. కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగిలినప్పుడు, ఏళ్ళు గడిచి పైపొర అరిగిపోయినప్పుడు నూలుపోగు కంటే సన్నని పోగులు గాలిలో కలుస్తాయి. కోసేది ఎవరు? రంధ్రం వేసేది ఎవరు? పగిలిన ముక్కను పొయ్యి పక్కన అడ్డంగా పెట్టుకునేది ఎవరు?

మనం ఎవరమో ఒకసారి గుర్తు చేసుకోండి. బ్లో రూములో, కార్డింగులో పత్తి దుమ్ము మింగి బతికేవాళ్ళం. సెలవు తరువాత మళ్ళీ డ్యూటీకి వచ్చిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టు అవుతుందే, అది బిస్సినోసిస్ అనే జబ్బుకు తొలి గుర్తు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో యజమాని సర్కారుకు తెలపవలసిన జబ్బుల పట్టిక ఒకటి ఉండేది. అందులో పత్తి దుమ్ము జబ్బూ, ఆస్బెస్టాస్ జబ్బూ రెండూ ఉండేవి. మిల్లులో ఒక దుమ్ము, ఇంటికి పోతే ఇంకో దుమ్ము. ఎనిమిది గంటలు ఒకటి, మిగతా పదహారు గంటలు రెండోది. "రేకులు చాలు" అనే మాటకు అర్థం ఇది.

వేడి సంగతి కూడా చెప్పాలి. నైట్ షిఫ్టు చేసినవాడు పగలు పడుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ధర్మపురి ఎండకు, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, రేకు కింద నిద్ర పడుతుందా? చెట్టు కిందికి చాప తీసుకుపోయి దొర్లుతాం. రెండు గంటలు కన్ను మూతపడితే గొప్ప. ఆ రాత్రి మళ్ళీ రింగ్ ఫ్రేము ముందు నిలబడతాం. తెల్లవారుజామున నాలుగింటికి కునుకు పడుతుంది, చెయ్యి పోవలసిన చోటికి కాక ఇంకో చోటికి పోతుంది. యాక్సిడెంటు రిజిస్టరులో "కార్మికుడి అజాగ్రత్త" అని రాస్తారు. వాడి ఇంటి కప్పు ఏమిటని ఎవరైనా రాశారా? కాబట్టి కప్పు కూలి సంగతి మాత్రమే కాదు, వేళ్ళ సంగతి కూడా.

ఇక సర్కారుల సంగతి. అన్ని రంగుల జెండాలూ మనకు ఇల్లు కట్టిస్తామన్నవే. 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. 2010లో మన రాష్ట్రంలో కలైంజ్ఞర్ వీటు వసతి పథకం వచ్చింది. 21 లక్షల గుడిసెలు, ఆరేళ్ళలో అన్నీ కాంక్రీటు ఇళ్ళు చేస్తామన్నారు. 2011లో ప్రభుత్వం మారింది, ఆ పథకం మూలపడింది. దాని బదులు సోలారు దీపాల పచ్చని ఇల్లు అన్నారు. 300 చదరపు అడుగులు, 1 లక్షా 80 వేలు, ఏడాదికి 60 వేల ఇళ్ళు. 2016లో కేంద్రం ఇందిరా ఆవాస్‌ను తీసేసి ప్రధానమంత్రి ఆవాస్ యోజన తెచ్చింది. 2024లో కలైంజ్ఞర్ కనవు ఇల్లం వచ్చింది. ఇంకా 8 లక్షల గుడిసెలు ఉన్నాయి, 2030 నాటికి గుడిసె లేని తమిళనాడు చేస్తామన్నారు. మరి 2010లో చెప్పిన ఆరేళ్ళు 2016తోనే అయిపోయాయి కదా! పాత పథకం మీద కోపంతో కొత్త పథకం, దాని మీద కోపంతో ఇంకోటి. మధ్యలో వాన మాత్రం ఏ పార్టీని అడగకుండా మన ఇళ్ళలోకి వచ్చింది.

నేను పథకాలు వద్దనడం లేదు. వచ్చినవాళ్ళు తీసుకోండి, రానివాళ్ళకు యూనియన్ అర్జీ రాసి ఇస్తుంది. లోపల ఉన్న మెలిక మాత్రం చూడండి. కేంద్ర పథకంలో మైదాన ప్రాంతపు ఇంటికి ఇచ్చేది 1 లక్షా 20 వేలు. 2016లో అంతే. 2024లో మరో రెండు కోట్ల ఇళ్ళు అని మంత్రివర్గం తీర్మానించినప్పుడూ అంతే. ఈ ఎనిమిదేళ్ళలో సిమెంటు ఆగిందా, కమ్మి ఆగిందా, మేస్త్రి కూలీ ఆగిందా? ఆ డబ్బుతో కాంక్రీటు కప్పు పడదని మన రాష్ట్ర ప్రభుత్వానికే తెలుసు. అందుకే కప్పు ఖర్చు కింద వేరుగా మొదట 50 వేలు కలిపి, తరువాత దాన్ని 1 లక్షా 20 వేలకు పెంచింది. అంటే ఏమిటి? మొత్తం ఇంటికి ఢిల్లీ వేసిన లెక్క ఎంతో, ఒక్క కప్పుకు చెన్నై వేసిన లెక్క అంత! ఇది సర్కారు కాగితమే ఒప్పుకున్న నిజం. కనవు ఇల్లంలో 3 లక్షల 50 వేలు ఇస్తున్నారు, 360 చదరపు అడుగుల్లో 300కు కాంక్రీటు కప్పు ఉండాలంటున్నారు, రేకులు పనికిరావంటున్నారు. సంతోషం. సర్కారు పథకంలో పనికిరాని రేకు, మిల్లు కార్మికుడికి ఎలా పనికొస్తుందో ఆ అధికారి చెప్పాలి.

రెండో మెలిక పట్టా. సొంత పట్టా ఉన్న గుడిసెవాళ్ళకే పథకం. పొరంబోకులో ముప్పై ఏళ్ళుగా ఉన్నవాడికి లేదు. అద్దె లైను ఇంట్లో ఉన్నవాడికి లేదు. రేకుల ఇల్లున్నవాడిని "నీది గుడిసె కాదు పో" అంటారు.

మూడో మెలిక అన్నిటికంటే పెద్దది. డబ్బు దశలవారీగా వస్తుంది. పునాది వేసి ఫోటో తీయాలి, అప్పుడు ఒక కిస్తీ. లింటెలు దాకా లేపి ఫోటో తీయాలి, ఇంకో కిస్తీ. కప్పు వేసి ఫోటో తీయాలి, అప్పుడు కప్పు కిస్తీ. కప్పు వేస్తేగాని డబ్బు రాదు, డబ్బు వస్తేగాని కప్పు పడదు! ఈ సందులోకే దూరతాడు కందువడ్డీవాడు. వాడికి పథకాల గురించి మనకంటే బాగా తెలుసు. లింటెలు దాకా వచ్చిన ఇంటి ముందుకు వాడే బండి వేసుకుని వచ్చి, "ఎంత కావాలి అన్నా?" అంటాడు. వాడు కాకపోతే గ్రూపు లోను వాళ్ళు వస్తారు. ఒక ఆడమనిషి కట్టలేకపోతే తక్కిన ఆడవాళ్ళంతా ఆమె గుమ్మం ముందు కూర్చుంటారు. బలవంతపు వసూళ్ళ మీద 2025లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం ఉన్న సంగతి వసూలుకు వచ్చేవాడికి చెప్పే ధైర్యం మనకు యూనియన్ ఇవ్వాలి.

పన్ను సంగతి కూడా వినండి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు బంగారం మీద 3 శాతం వేశారు, సిమెంటు మీద 28 శాతం వేశారు. మెడలో వేసుకునేదానికి మూడు, తలమీద వేసుకునేదానికి ఇరవై ఎనిమిది! ఎనిమిదేళ్ళ తరువాత, 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 18కి తగ్గించారు. ఆ ఎనిమిదేళ్ళలో మిద్దె పోసుకున్న ప్రతి కార్మికుడూ సిమెంటు బస్తా అసలు ధరలో నాలుగో వంతుకు పైగా పన్ను కట్టాడు. సిమెంటు కంపెనీలు తమలో తాము కుమ్మక్కై ధరలు పెంచాయని కాంపిటీషన్ కమిషన్ 2012లోనే 6 వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. అప్పీళ్ళు, తిరిగి విచారణ, 2016లో మళ్ళీ జరిమానా, 2018లో అప్పిలేటు ట్రిబ్యునల్ సమర్థన, ఆపైన సుప్రీంకోర్టు. యజమానులు కలిసి ధర పెంచితే కేసు ఏళ్ళ తరబడి నడుస్తుంది. కార్మికులు కలిసి కూలి పెంచమంటే సాయంత్రానికల్లా సస్పెన్షన్ ఆర్డరు వస్తుంది.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి. కప్పు డబ్బు కోసం మనం మన ఆడపిల్లలను పంపాం. పడమటి జిల్లాల స్పిన్నింగు మిల్లుల్లో "సుమంగళి" అని ఒక ఏర్పాటు ఉండేది. పదహారు, పదిహేడేళ్ళ పిల్ల మూడేళ్ళు హాస్టల్లో ఉండి పనిచేయాలి, చివర్లో ముప్పై వేలో యాభై వేలో ఒకేసారి చేతికిస్తారు. పెళ్ళి పేరు పెట్టారు. ఎన్నో ఇళ్ళలో ఆ ఒకమొత్తం డబ్బు అప్పుకు పోయింది, మిద్దెకు పోయింది. ఒకేసారి పెద్ద మొత్తం అనే మాటకు పేదవాడు ఎందుకు లొంగుతాడో మిల్లు ఏజెంటుకు తెలుసు. మిద్దె ఒకేసారి పోయాలి, అందుకే. పిల్లకు జబ్బు చేసి మూడేళ్ళు నిండకముందే ఇంటికి వస్తే ఆ మొత్తం ఇవ్వలేదని ఎంతమంది మన దగ్గరికి వచ్చి ఏడ్చారు! ఒక తండ్రి నాతో అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేను: "అన్నా, నా మిద్దె చూసినప్పుడల్లా నా బిడ్డ దగ్గు వినిపిస్తుంది." పేరు మారింది, ఏజెంటు మారాడు. ఒకమొత్తం ఆశ చూపి జీతం ఆపిపెట్టే పద్ధతి ఏ పేరుతో ఎక్కడ కనబడినా మన యూనియన్ ఊరుకోదు.

అయితే ఆ ఒకమొత్తం డబ్బు మనకు ఎక్కడా లేదా? ఉంది. మన పి.ఎఫ్.లో ఉంది. మన జీతంలో నూటికి పన్నెండు కోసి, యజమాని తన వంతు కలిపి కట్టాలి. సొంత ఇల్లు కట్టుకోవడానికి అందులోంచి తీసుకునే హక్కు ఉంది. అది అప్పు కాదు, వడ్డీ లేదు, తిరిగి కట్టనక్కర్లేదు. దీనికి ఐదేళ్ళ సభ్యత్వం ఉండాలనేది చాలాకాలం నిబంధన. 2025 అక్టోబరు 13న పి.ఎఫ్. ట్రస్టీల బోర్డు సమావేశమై దాన్ని 12 నెలలకు తగ్గించాలనీ, ఖాతాలో నాలుగో వంతు ఉంచి మిగతాది తీసుకోనివ్వాలనీ నిర్ణయించింది. అర్జీ పెట్టే ముందు ఏ నిబంధన నడుస్తున్నదో మన ఆఫీసులో అడగండి. మరి మన వాళ్ళలో ఎంతమంది ఇలా మిద్దె పోసుకున్నారు? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకంటే చాలామందికి ఖాతా నంబరే తెలియదు. ఆధార్‌లో ఒక పేరు, మిల్లు రిజిస్టరులో ఇంకో పేరు. కాంట్రాక్టు మనిషికి మూడేళ్ళలో మూడు నంబర్లు. కొందరికి జీతంలో కోత పడుతున్నది, ఖాతాలో జమ పడటం లేదు. మన కప్పు కమ్మి అక్కడ తుప్పు పడుతున్నది. ముందు దాన్ని పట్టుకోవాలి.

ఇంతవరకు ఇతరులను అన్నాను. ఇప్పుడు మనల్ని మనం అనుకోవాలి. నిజం చెప్పకపోతే ఈ పత్రిక ఎందుకు?

ఇంత కష్టపడి తెచ్చిన డబ్బును మనం పోసే రోజున నీళ్ళపాలు చేస్తున్నాం. మాటవరసకు అనడం లేదు, నిజంగానే నీళ్ళు. కాంక్రీటు తేలిగ్గా జారాలని మేస్త్రి బకెట్ల కొద్దీ నీళ్ళు పోస్తాడు. 50 కిలోల బస్తాకు 27 లీటర్లు దాటకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. నీళ్ళు ఎక్కువైతే ఆరాక లోపల సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచే వాన దిగుతుంది, కమ్మి తుప్పు పడుతుంది, పదేళ్ళకు పెచ్చులు ఊడి పడుకున్న పిల్లల మీద పడతాయి. కమ్మి కింద ముప్పావు అంగుళం కాంక్రీటు ఉండాలి. అందుకు సిమెంటు దిమ్మలు పెట్టాలి, చేతికందిన గులకరాళ్ళు కాదు.

ఇక సెంట్రింగు. పద్నాలుగు అడుగుల లోపు వెడల్పుకు ఏడు రోజుల దాకా గుంజలు కదపకూడదు, అంతకు మించితే పద్నాలుగు రోజులు. దూలం కింద పద్నాలుగు రోజులు. ఇది నా సొంత మాట కాదు, మన దేశపు కాంక్రీటు ప్రమాణాల పుస్తకంలో ఉన్నది. మన సభ్యుడొకడి ఇంట్లో, అద్దె మిగులుతుందని మూడో రోజే గుంజలు పీకారు. మిద్దె నడుమ కుంగింది. ఇప్పుడు దాని కింద ఒక కొయ్య స్తంభం నిలబెట్టి, ఆ స్తంభానికి ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెడుతున్నారు. నాలుగు రోజుల అద్దె మిగిలింది, ఆ ఇంట్లో నిద్ర పోయింది.

తడపడం కూడా అంతే. ఇప్పుడు అంగట్లో దొరికే సిమెంటు చాలావరకు బూడిద కలిసినది. దానికి పద్నాలుగు రోజులు తడి ఆరకూడదు. మట్టితో గట్లు కట్టి నీళ్ళు నిలపాలి. మన జిల్లాలో నీళ్ళు కొనాలి, నాకు తెలుసు. పోసిన రోజు విందుకు, మందుకు పెట్టే ఖర్చులో సగం చాలు ఆ నీళ్ళకు. వర్జ్యం లేని ముహూర్తం కోసం పంతులును నాలుగుసార్లు అడిగేవాళ్ళు, గుంజలు ఎప్పుడు తీయాలో ఇంజనీరును ఒక్కసారి అడగలేరా?

తక్కువ ఖర్చు దారులు కూడా ఉన్నాయి. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు, 2007లో పోయారు, పేదల ఇళ్ళకు ఒక పద్ధతి చూపించారు. మిద్దె కింది సగంలో కాంక్రీటు బరువుకే తప్ప బలానికి పెద్దగా ఉపయోగపడదు, అక్కడ లాగుడు మోసేది కమ్మి. కాబట్టి కమ్ముల మధ్య పాత పెంకులు పరిచి పోస్తే కాంక్రీటు తగ్గుతుంది, ఇల్లూ చల్లగా ఉంటుంది. తెలిసిన మనిషి లెక్క వేసి ఇస్తేనే చేయాలి, చూసి చేయకూడదు. ఇంకోటి మన తాతలదే, రాతి బండల మిద్దె. ఈ సీమలో రాయి కొట్టే పనిలో ఉన్నవాళ్ళు ఎంతోమంది మన తెలుగువాళ్ళే, వడ్డెవాళ్ళే. బండ పొడవును బట్టి గది వెడల్పు పెట్టుకుంటే, ఆ మిద్దె తరాలు నిలుస్తుంది. ఇప్పుడు ఆ రాయి కోసి, పాలిషు పెట్టి, ఓడలెక్కించి పై దేశాలకు పంపుతున్నారు. రాయి కొట్టినవాడి ఇంటి మీద మాత్రం రేకు!

"ఇదంతా అయ్యే పనేనా, యూనియన్ చేత ఇల్లు అవుతుందా?" అని మళ్ళీ అడుగుతారు. అయింది, తమ్ముడూ. చేసినవాళ్ళు మన భాషవాళ్ళే. మహారాష్ట్రలో షోలాపూరు తెలుసు కదా? మగ్గాలకు, మిల్లులకు తెలంగాణ నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఊరు. మగవాళ్ళు పవర్‌లూమ్ మీద, ఆడవాళ్ళు బీడీల చాట ముందు. అక్కడ నర్సయ్య ఆడం అనే కార్మిక నాయకుడు, మాజీ ఎమ్మెల్యే, ముందు నిలబడి బీడీ కార్మిక స్త్రీలను కూడగట్టారు. ఊరేగింపులు, ధర్నాలు, జైళ్ళు, ముంబై, ఢిల్లీ తిరగడం, ఏళ్ళ తరబడి. 2006లో గోదూతాయి పరులేకర్ పేరుతో 10 వేల ఇళ్ళ కాలనీని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అంతటితో ఆగలేదు. బీడీ, మగ్గం, చెత్త ఏరుకునే అసంఘటిత కార్మికులందరికీ కలిపి రేనగర్ అని 30 వేల ఇళ్ళు అడిగారు. 2024 జనవరి 19న అందులో మొదటి 15 వేల ఇళ్ళను ప్రధాని మోదీ వచ్చి ప్రారంభించవలసి వచ్చింది. వేరు వేరు పార్టీల ప్రధానులు, ఒకే ఎర్రజెండా యూనియన్ పట్టుదల. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే ఆడవాళ్ళు సాధించింది, వేల గజాల నూలు తీసే మనం సాధించలేమా? వాళ్ళు ఒక్కొక్కరుగా కందువడ్డీవాడి దగ్గరికి పోలేదు. అందరూ కలిసి సర్కారు గుమ్మం దగ్గరికి పోయారు. తేడా అంతే.

కాబట్టి కార్యవర్గం తరఫున ఈ కోర్కెలు జనరల్ బాడీ ముందు పెడుతున్నాను.

1. సర్కారు పథకాలలో కప్పు కిస్తీని లింటెలు దశలోనే, కప్పు పోయడానికి ముందే ఇవ్వాలి.

2. కేంద్రం ఇచ్చే 1 లక్షా 20 వేలను 2016 నుంచి పెరిగిన ధరల ప్రకారం పెంచాలి.

3. పొరంబోకులో ఏళ్ళ తరబడి ఉన్న కార్మికులకు పట్టా ఇవ్వాలి. ఆస్బెస్టాస్ రేకుల ఇంటిని గుడిసెతో సమానంగా లెక్కించాలి.

4. మిల్లు యాజమాన్యాలు సొంత ఇల్లు కట్టే కార్మికుడికి మిద్దె కోసం వడ్డీ లేని అడ్వాన్సు ఇచ్చి, రెండేళ్ళలో జీతంలో పట్టుకోవాలి. ఈ కోర్కె వచ్చే ఒప్పందం చర్చల్లో ఉండాలి.

5. ప్రతి కార్మికుడికీ, కాంట్రాక్టు మనిషికి కూడా, పి.ఎఫ్. ఖాతా లెక్క కాగితం మీద ఇవ్వాలి.

మనం చేయవలసింది కూడా ఉంది. ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా యూనియన్ ఆఫీసులో పి.ఎఫ్. పుస్తకం, ఆధార్, జీతం చీటీ తెచ్చుకోండి, సరిచూసి అర్జీ రాసిస్తాం. మిద్దె పోసే సభ్యుడు వారం ముందు చెబితే, షిఫ్టు లేని సభ్యులు పదిమంది కూలి లేకుండా ఆ రోజు వచ్చి తట్టలు అందిస్తారు. మేస్త్రి, కమ్మి మనిషి కూలి మాత్రం ఇంటివాడిదే, వాళ్ళూ మనలాంటి కార్మికులే. పాత రేకులు తీసేటప్పుడు పగలగొట్టకండి, తడిపి, ముఖానికి సన్నని పొడిని ఆపే మాస్కు పెట్టుకుని, నిండు రేకుగా దించండి. పిల్లలను దూరంగా ఉంచండి.

2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడి మీది ఆకుల కప్పు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ తరువాత బడుల మీది ఆకుల కప్పులు తీయించారు. ఆ పిల్లలు సాయంత్రం ఇంటికి పోతే అక్కడ ఏ కప్పు ఉండేదో ఎవరూ అడగలేదు. మనం అడుగుదాం.

ఆ రోజు లేచి అడిగిన తమ్ముడికి చివరి మాట. నీ ఇల్లు కూడా లింటెలు దాకా వచ్చి ఆగిందని నాకు తెలుసు. నీ ప్రశ్నలో ఉన్న కోపం నా మీద కాదని కూడా తెలుసు. వచ్చే ఆదివారం నీ పి.ఎఫ్. పుస్తకం పట్టుకుని రా. నువ్వు పోసే రోజు నేను ఫస్టు షిఫ్టు వాళ్ళతో వస్తాను, తట్ట మోస్తాను. సెక్రెటరీగానా, మేస్త్రిగానా అని అప్పుడు అడుగు.

కప్పు మన హక్కు! కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి